వంకాయ రంగు చీర కట్టుకోవచ్చా, పిన్నిగారూ?

ప్రశ్న: పిన్నిగారికి నమస్కారం. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాకు 29 ఏళ్ళు. పాప ఒకటో తరగతి చదువుతోంది. మా వారు 2023 సంక్రాంతి అయిన వారానికి కువైట్ వెళ్ళారు, అక్కడ డ్రైవరు. రెండేళ్ళని వెళ్ళి ఇంకో రెండేళ్ళు పొడిగించుకున్నారు. మధ్యలో ఒక్కసారి వచ్చి నలభై రోజులు ఉన్నారు. నేను ఇంట్లోనే లేసు అల్లుతాను. నెలకి మూడు వేలు వస్తే గొప్ప. మా ఇంట్లో దాన్ని టైంపాస్ అంటారు.

అసలు విషయం చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాకు బీటీఎస్ అంటే పిచ్చి. కొరియా పాటగాళ్ళు, ఏడుగురు. లాక్‌డౌన్‌లో మా పిన్ని కూతురు చూపించింది. తర్వాత కొరియా సీరియళ్ళు తెలుగు డబ్బింగ్‌లో వస్తున్నాయని తెలిసి అవీ మొదలుపెట్టాను. ఇప్పుడు నా ఫోన్ కవరు, దిండు గలీబు, పాప రిబ్బన్లు అన్నీ ఊదా రంగే, ఎందుకంటే అది వాళ్ళ రంగు. నుదుటి మీదకి పడేలా జుట్టు కత్తిరించుకున్నాను. వాళ్ళలో జిన్ సైన్యం నుంచి వచ్చే రోజు కోసం క్యాలెండర్‌లో గళ్ళు కొట్టుకున్నాను. 2,300 పెట్టి ఆల్బం కొని ఇంట్లో 300 అని చెప్పాను.

లేసు అల్లుతున్నంతసేపూ పగటికలలే. చించినాడ వంతెన మీద మంచు కురుస్తూ ఉంటుంది. నేను నడుస్తుంటే ఎవరో గొడుగు పట్టుకుని వచ్చి "అన్నం తిన్నావా?" అని అడుగుతారు. ఒక్కోసారి అది జిన్ ముఖం, ఒక్కోసారి అసలు ముఖమే కనపడదు.

మొన్న ఒక సీరియల్ ఆఖరి ఎపిసోడ్ చూస్తుంటే మా వారి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. తర్వాత నేను చేసేసరికి ఆయన నిద్రపోయారు. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

వచ్చే నెల మరిది పెళ్ళి. ఊదా పట్టుచీర తీసుకుంటానంటే మా అత్తగారు "వంకాయ రంగు చీర కట్టుకుని పందిట్లో తిరుగుతావా? నీ కొరియా పిచ్చి పెళ్ళికి కూడా తెస్తావా?" అన్నారు. (శోభన్‌బాబు పోయిన రోజు ఆవిడ అన్నం ముట్టలేదని మా వారు చెబుతారు. అది వేరే సంగతి.) ఇది జబ్బా, పిన్నిగారూ? మానేయమంటారా?

— ఊదా రంగు పిచ్చిది

సమాధానం:

అమ్మాయీ, పిన్నిగారూ అని పిలిచావు కాబట్టి నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు నా సంగతి చెప్పనీ. మాది పాలకొల్లు వైపు కాలవగట్టు ఊరు. నాకు పదహారేళ్ళప్పుడు ఒక హీరో అంటే ప్రాణం. ఎవరో చెప్పను. ఆయన అభిమానులు ఇంకా ఉన్నారు, అవతలి హీరో అభిమానులూ ఉన్నారు, ఈ వయసులో నాకు గొడవలొద్దు. కల్లంలోంచి తవ్వెడు ధాన్యం కొంగున కట్టుకెళ్ళి, కొట్లో వేసి, ఆ డబ్బులతో తీర్థంలో పాటల పుస్తకాలు కొనుక్కునేదాన్ని. ఇక పగటికల అంటావా, నాదీ ఒకటే కల. ఆయన కారు సరిగ్గా మా ఊరి వంతెన దగ్గర ఆగిపోయేది. మంచినీళ్ళు అడగడానికి మా గుమ్మంలోకి వచ్చేవాడు. నేను కొబ్బరిబోండం కొట్టి ఇచ్చేదాన్ని. "ఇంత తియ్యటి బోండం ఎవరు ఏరారు?" అనేవాడు. "నేనేనండి" అనేదాన్ని. అంతే కల. రెండేళ్ళ పాటు ఆ కారు రోజూ మా వంతెన దగ్గరే పాడైంది. ఒక్కరోజు కూడా మెకానిక్కుని రానివ్వలేదు నేను.

మా పెద్దక్కది ఇంకో రకం పిచ్చి. వాణిశ్రీ కొప్పు. అప్పట్లో వాణిశ్రీ ఏ చీర కడితే ఆ చీర, ఏ కొప్పు పెడితే ఆ కొప్పు. అంత ఎత్తు కొప్పు రావాలంటే సవరం చాలదు. మా అక్క ఏం చేసిందంటే, కొబ్బరి పీచు ఉండ చుట్టి, నల్లగుడ్డలో కట్టి, జుట్టు లోపల పెట్టేది. కోనసీమ వాళ్ళకీ మనకీ పీచుకేం కరువు! మా మేనమామ పెళ్ళిలో వడ్డిస్తూ వంగినప్పుడు ఆ ఉండ కాస్తా జారి, రెండు విస్తళ్ళు దాటి దొర్లుకుంటూ పోయి పప్పుచారు బకెట్టుకి తగిలి ఆగింది. పెళ్ళికూతురు ఏ రంగు చీర కట్టిందో మా బంధువుల్లో ఎవరికీ గుర్తులేదు కానీ ఆ పీచు ఉండ అందరికీ గుర్తే. మా అక్కకి ఇప్పుడు డెబ్భై. ఇప్పటికీ ఆ మాటెత్తితే చీపురు తీస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, నువ్వు మన నేలకి కొత్తగా తెచ్చిన రోగం ఏమీ లేదు. మీ నరసాపురం పక్కనున్న మొగల్తూరు చిరంజీవి పుట్టిన ఊరు, కృష్ణంరాజు గారిదీ ఆ ఊరే. మా పాలకొల్లు చెప్పనే అక్కర్లేదు, అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు ఇక్కడివాళ్ళే. ఈ కాలవల వెంబడి సినిమా పిచ్చి నీళ్ళతో పాటే పారింది. బెల్ బాటమ్ ప్యాంట్లు కాళ్ళకి అడ్డం పడుతున్నా వరిగట్ల మీద వాటితోనే నడిచిన మహానుభావులు నాకు తెలుసు. శోభన్‌బాబు లాగా నుదుటి మీద జుట్టు రింగు తిప్పుకోవడానికి తెల్లారేసరికి అద్దం ముందు తడి వేలితో నిలబడ్డవాళ్ళు మీ మామగారి వయసు వాళ్ళలో ఎంతమందో! నీ ముంగురులు వాళ్ళ రింగుకి మనవరాళ్ళు.

మీ అత్తగారి సంగతి "అది వేరే" అని బ్రాకెట్లో పెట్టావు. అది వేరే ఎలా అవుతుందమ్మా? శోభన్‌బాబు 2008 మార్చి 20న పోయారు. ఆవిడెప్పుడూ కలవని, మాట్లాడని మనిషి కోసం ఒక రోజు అన్నం మానేసిందంటే ఆవిడ నీ కన్నా పెద్ద అభిమాని. నువ్వు జిన్ కోసం ఇంకా అన్నం మానేసినట్టు లేదు. నాకు తోచింది ఏమిటంటే, ఆవిడకి నీ పిచ్చి అర్థం కాక కాదు, బాగా అర్థమయ్యే కోపం వస్తోంది. తను చాటుగా దాచుకున్నదాన్ని కోడలు వాకిట్లో ఆరేసుకుంటోంది. పైగా తన తెలుగు హీరో ఎవరి కన్నా తక్కువని ఎక్కడో కొరియా దాకా వెళ్ళిందీ అని. ఈ రెండోదే అసలు కోపం అయినా ఆశ్చర్యపోను.

ఇప్పుడు నీ కలలోకి వస్తాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మంచు, వంతెన, గొడుగు, ఇవన్నీ సీరియల్ నుంచి వచ్చిన సామాను. చించినాడ వంతెన మీద మంచు కురిస్తే అవతల దిండి కొబ్బరితోటలు ఎలా ఉంటాయో నాకూ ఊహించుకోవాలనిపించింది, బావుంది. కానీ ఆ మనిషి నిన్ను అడిగిన మాట చూడు. "నువ్వు అందంగా ఉన్నావు" అనలేదు. "నాతో వచ్చేయ్" అనలేదు. "అన్నం తిన్నావా?" అన్నాడు. కొరియాలో నిజంగానే అది పలకరింపు. మన వైపు "భోంచేశారా అండి?" అన్నట్టే, వాళ్ళూ ఎదురుపడితే అన్నం తిన్నావా అని అడుగుతారు. వాళ్ళకీ మనకీ ఇలాంటివి చాలా ఉన్నాయి. అమ్మని ఒమ్మా అంటారు, నాన్నని అప్పా అంటారు, పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరు, గౌరవానికి మాట చివర "యో" తగిలిస్తారు. మనం "అండి" తగిలించమూ? నీకు ఆ సీరియళ్ళు పరాయి దేశం లాగా అనిపించకపోవడానికి డబ్బింగ్ ఒక్కటే కారణం కాదు.

నీ ఇంట్లో ఆ ప్రశ్న అడిగేది ఎవరు? నువ్వే. పాపని అడుగుతావు, అత్తగారిని అడుగుతావు, ఫోన్‌లో మీ ఆయన్ని అడుగుతావు. నిన్ను ఎవరు అడుగుతారో నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నా కలలో హీరో బోండం ఎవరు ఏరారని అడిగినట్టు, నీ కలలో ఆయన నువ్వు తిన్నావా అని అడుగుతున్నాడు. అందుకే ఒక్కోసారి ఆ మనిషికి ముఖం ఉండట్లేదు. అడిగేవాడు ఎవరైనా ఫర్వాలేదు, ఎవరో ఒకరు అడిగితే చాలు. దీన్ని జబ్బు అనను. ఆకలి అంటాను.

ఇంకో సంగతి పట్టుకున్నాను. నీకే తట్టిందో లేదో. జిన్ సైన్యంలో చేరింది 2022 డిసెంబరులో. మీ ఆయన విమానం ఎక్కింది ఆ మరుసటి నెలలో. కొరియాలో మగపిల్లలకి సైన్యం తప్పనిసరి, దాదాపు 18 నెలలు. జిన్ 2024 జూన్ 12న బయటికొచ్చాడు. నువ్వు గళ్ళు కొడుతుంటే నీతోపాటు ప్రపంచంలో లక్షలమంది కొట్టారు. అతను బయటికొచ్చిన రోజు అందరూ కలిసి ఏడ్చారు, నవ్వారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళుగా 2025 జూన్ కల్లా ఏడుగురి సర్వీసూ అయిపోయింది. అనుకున్న తేదీకి అనుకున్నట్టు వచ్చేశారు. మీ ఆయన తేదీ మాత్రం జరిగిపోయింది. ఆ గళ్ళు కొట్టడానికి నీకు తోడు ఎవరూ లేరు. "అందరూ వెళ్తున్నారు కదా కువైట్, నువ్వేమైనా కొత్తా?" అంటారు మన ఊళ్ళల్లో. నిజమే, ప్రతి వీధికీ ఇద్దరో ముగ్గురో గల్ఫ్‌లో ఉన్నారు. అందరూ వెళ్ళారు కాబట్టి నీ ఎదురుచూపు చిన్నదైపోతుందా? ఒకరి రాక కోసం నువ్వు పండగలా ఎదురుచూడగలిగావంటే, ఆ ఎదురుచూపులో కొంత మీ ఆయనదే. దానికి వేరే పేరు పెట్టుకున్నావు.

ఆ ఎత్తని ఫోన్ గురించి. నిద్ర మానేసి ఏడ్చేంత తప్పు కాదది. కానీ నీకే నచ్చలేదు కాబట్టి సరిచేసుకోవచ్చు, అదీ సులువుగానే. కువైట్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. సియోల్ మూడున్నర గంటలు ముందు. మధ్యలో నరసాపురంలో నువ్వు. జిన్ పుట్టినరోజు డిసెంబరు 4 అయితే సియోల్‌లో అది మొదలయ్యేసరికి నీకు 3వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర. ఆ లెక్క నీకు కంఠతా వచ్చని నాకు తెలుసు. మీ ఆయన డ్యూటీ దిగి గదికి వచ్చే టైము కూడా అలాగే కంఠతా ఉంచుకో. అక్కడ రాత్రి ఏడంటే మనకి తొమ్మిదిన్నర. ఏ టైము కుదురుతుందో ఇద్దరూ మాట్లాడుకుని, ఆ అరగంట ఆయనది అనుకోండి. ఎపిసోడ్‌కి పాజ్ బటన్ ఉంది. కువైట్‌లో పొద్దున్నే బండి తీయాల్సిన మనిషి నిద్రకి పాజ్ బటన్ లేదు.

ఆయనకి నిజం చెప్పు. "ఆఖరి ఎపిసోడ్ చూస్తున్నాను, అందుకే ఎత్తలేదు, తర్వాత ఏడ్చాను" అని ఇంతే. మగవాళ్ళు పదిమంది ఒకే గదిలో ఉండేచోట శుక్రవారం సెలవు రోజున ఏం చూస్తారో అడుగు. గల్ఫ్‌లో తెలుగు సినిమా విడుదలైతే మనవాళ్ళు హాల్లో కాగితాలు ఎగరేస్తారు. మీ ఆయన కూడా ఎవరికో ఒకరికి అభిమానే అయి ఉంటాడు, భీమవరం చుట్టుపక్కల పుట్టి ఎవరికీ అభిమాని కాని మగపిల్లాణ్ణి నేనింకా చూడలేదు. నీ సీరియల్ కథ ఆయనకి చెప్పు. రోజుకో ఎపిసోడ్ చొప్పున, నీ మాటల్లో. అత్తగారి బీపీ, పాప ఫీజు, ఈఎంఐ తప్ప వేరే మాట లేని ఫోన్ ఎత్తాలని ఎవరికుంటుంది చెప్పు? ఆయనకైనా అంతే. ఆయన్నే ఒకసారి "నువ్వు తిన్నావా?" అని అడగమను. అడగమని చెప్పి అడిగించుకుంటే ఏం బావుంటుంది అంటావేమో. బాగానే ఉంటుంది. ముప్ఫై అయిదేళ్ళ కాపురం తర్వాత చెబుతున్నాను, సగం సుఖాలు అడిగి పుచ్చుకున్నవే.

ఇక నాకు అసలు కోపం తెప్పించిన మాట. టైంపాస్.

నీ అభిమానాన్ని పిచ్చి అంటున్నారు, నీ లేసుని టైంపాస్ అంటున్నారు. రెండూ ఒకే గంపలో వేశారు, నువ్వు కూడా వాళ్ళతో పాటు వేసేసుకున్నావు. నరసాపురం లేసు నిన్న మొన్నటిది కాదు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పితే, మన ఆడవాళ్ళ వేళ్ళు దాన్ని దేశదేశాలకి పంపాయి. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. మారియా మీస్ అని జర్మనీ సమాజశాస్త్రవేత్త మీ ఊళ్ళు తిరిగి, లేసు అల్లే ఆడవాళ్ళ మీద 1982లో ఏకంగా పుస్తకమే వేసింది. ఆవిడ చెప్పింది ఏమిటంటే, ఇది ఇంటి ఆడవాళ్ళు తీరిక వేళ చేసుకునే పని అని పేరు పెట్టేశారు, ఆ పేరు అడ్డం పెట్టుకునే కూలి పెరగలేదు అని. సరుకు విదేశాలకి వెళ్ళి డబ్బు తెస్తుంది. అల్లినావిడది మాత్రం తీరిక! నలభై ఏళ్ళు దాటింది ఆ పుస్తకం వచ్చి. నువ్వు ఇంకా అదే మాట రాశావు నాకు, అదీ నీ చేత్తో.

కాబట్టి రేపటి నుంచి ఒక పని చెయ్యి. పాప పాత నోటుపుస్తకం వెనక పేజీలు తీసుకో. ఒక పువ్వు అల్లడానికి ఎంతసేపు పట్టింది, అతుకుపనికి ఎంత, ఏజెంటు ఎంతిచ్చాడు, రాసుకో. పాటలు వింటూ అల్లినా అది పని గంటే. కలలు కంటూ అల్లినా అంతే. నీ వేళ్ళు కల కనలేదుగా, అవి కుట్లు లెక్క తప్పకుండా అల్లుతూనే ఉన్నాయి. నెల తిరిగేసరికి ఆ పేజీ మీ అత్తగారికి చూపించు. గొడవ పడమనడం లేదు, ఊరికే చూపించు.

ఆ డబ్బులోంచి నెలకి ఇంత అని నీ పిచ్చికి పక్కన పెట్టుకో. రెండొందలో మూడొందలో. అది నీ కష్టార్జితం, ఎవరికీ 300 అని అబద్ధం చెప్పక్కర్లేదు. ఆల్బం 2,300 అని ఇప్పుడే చెప్పేయ్. నేను ధాన్యం పట్టుకెళ్ళిన సంగతి మా నాన్నకి పెళ్ళయ్యాక చెప్పాను. "నాకు అప్పుడే తెలుసే, కుంచంలో గుర్తు పెట్టుకున్నాను" అన్నారు. ఇంట్లోవాళ్ళకి మనం అనుకున్న దానికన్నా ఎక్కువే తెలుస్తుంది.

ఒక్కచోట మాత్రం భయపడు. అభిమానుల గ్రూపుల్లో ఎవరో ఒకరు మెల్లిగా ప్రైవేటుగా మెసేజ్ పెడతారు. నేను ఫలానా వాళ్ళ మేనేజర్‌ని అంటాడు, లేదా ఏకంగా నేనే జిన్‌ని అంటాడు. నీతో మాట్లాడాలనుంది, ముందు కాస్త డబ్బు పంపు అంటాడు. నీకు విడిగా మెసేజ్ పెట్టి డబ్బడిగిన ఏ జిన్నూ జిన్ కాదు. ఇలా మోసపోయి సిగ్గుతో నోరు మూసుకున్నవాళ్ళు ఉన్నారు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యి, సిగ్గు తర్వాత పడొచ్చు. ఫొటో కార్డుల్లో కూడా నకిలీలు ఎక్కువ, బజార్లో దొరికేవాటికి వందలు పోయకు.

కొరియా వాళ్ళ చర్మం లాంటి చర్మం కావాలని క్రీములు మొదలుపెట్టావా? రాయలేదు కానీ అడుగుతున్నాను. పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీములు ముఖానికి రాయొద్దు. బియ్యం కడిగిన నీళ్ళు మంచివని వాళ్ళు ముఖం కడుక్కుంటారట. మనం తరతరాలుగా కుడితి గోళెంలో పోసి గేదెలకి పెట్టాం. మన గేదెల నిగనిగ చూస్తే అందులో ఏదో ఉందనే అనిపిస్తుంది. ముంగురులు మాత్రం మే నెల దాకా ఉంచుకో, ఆ తర్వాత గోదావరి ఉక్కపోత చూసి నువ్వే పిన్ను పెట్టేస్తావు.

పాప సంగతి. మూడో మనిషికి కాదు, నీకూ నాకూ మధ్య చెబుతున్నాను, ఆ సీరియళ్ళు చాలావరకు పెద్దవాళ్ళవి. తాగడాలు, చంపుకోవడాలు బాగానే ఉంటాయి. ఆరేళ్ళ పిల్ల పక్కన కూర్చుని చూసేవి కావు. పాటలు పెట్టి ఇద్దరూ డాన్స్ చెయ్యండి, సీరియల్ అది పడుకున్నాక. పిల్ల కొరియా భాషలో నమస్తే చెబితే ముద్దే. "అ ఆ"లు కూడా దిద్దించు, సరిపోతుంది.

ఇప్పుడు చీర. నీ అసలు ప్రశ్న ఇదేనని నాకు తెలుసు.

కట్టుకో. ఊదా రంగు పెళ్ళికి పనికిరాదని ఏ శాస్త్రంలోనూ లేదు. నలుపు వద్దంటారు, అంతే. వంకాయ రంగు పట్టుకి బంగారు జరీ అంచు ఎంత నిండుగా ఉంటుందో బట్టల కొట్లో ఎవర్నడిగినా చెబుతారు. నాకు తెలిసి మీ అత్తగారి పెట్టెలోనే ఒకటి ఉండి ఉంటుంది, వాళ్ళ కాలంలో ఆ రంగు లేని పెళ్ళి సారె లేదు. మీ వాళ్ళల్లో వీ అనే అబ్బాయి 2016లో ఆ రంగుకి ఒక అర్థం చెప్పాడు కదా, ఇంద్రధనస్సులో ఆఖరి రంగు కాబట్టి ఆఖరి దాకా నమ్మకంగా ప్రేమించడం అని. దాన్నే బోరాహే అంటారు మీరు. ఆ అర్థం పెళ్ళి పందిట్లోకి పనికిరాకపోతే ఇంకెక్కడ పనికొస్తుంది? కానీ ఈ కథ అత్తగారికి చెప్పకు. వంకాయ రంగు అనే చెప్పు. మన వైపు గుత్తివంకాయ లేకుండా పెళ్ళి భోజనం ఉందేమో అడుగు.

ఇంకో మాట. ఆ చీర జాకెట్టు చేతులకి నువ్వు అల్లిన లేసే వెయ్యి. బజారు లేసు వద్దు. సన్నగా, అదే రంగు దారంతో. అలాంటిదే ఇంకోటి అత్తగారి జాకెట్టుకి అల్లు, ఆవిడ చీర ఏ రంగైతే ఆ రంగులో. అల్లేటప్పుడు ఆవిడ పక్కన కూర్చుని శోభన్‌బాబు సంగతి ఎత్తు. వెటకారంగా కాదు. "అత్తయ్యగారూ, ఆయన్ని మొదట ఏ హాల్లో చూశారు?" అని అడుగు. నేల టికెట్టా, బెంచీయా అని అడుగు. ఎవరితో వెళ్ళారు, ఇంట్లో ఏం చెప్పి వెళ్ళారు అని అడుగు. ఆవిడ కూడా ఎవరో ఒకరికి అబద్ధం చెప్పే వెళ్ళి ఉంటుంది. ఆ కథ అయ్యేసరికి నీ లేసు సగం అయిపోతుంది. జిన్ గురించి నువ్వు చెప్పక్కర్లేదు, రెండో రోజు ఆవిడే అడుగుతుంది, "ఆ ఏడుగురిలో నీ వాడు ఏడీ?" అని. అడగకపోతే నష్టం లేదు, లేసు ఎలాగూ అయిపోతుంది కదా.

మానేయాలా అని అడిగావు. మానేస్తే ఆ ఖాళీలో ఏం పెట్టుకుంటావో నాకు తెలియడం లేదు, అందుకే మానేయమనను. ఫోన్ ఎత్తకపోవడం మళ్ళీ మళ్ళీ జరుగుతుంటే, పాపకి అన్నం పెట్టడం మర్చిపోతుంటే, లేదా రోజులకి రోజులు ఏ పనీ చేయబుద్ధి కాకుండా దుఃఖంగా ఉంటే అప్పుడు మళ్ళీ రాయి, లేదా దగ్గర్లోని డాక్టరుగారితో మాట్లాడు. దిగులు వేరు, పిచ్చి వేరు. నీ ఉత్తరంలో నాకు కాస్త దిగులు కనపడింది. అభిమానం దాన్ని కప్పిన దుప్పటి మాత్రమే. ఊదా రంగుదే అనుకో.

పెళ్ళయ్యాక ఫొటో పంపు. అత్తగారు కూడా ఉండాలి అందులో, జాకెట్టు చేతులు కనపడేలా. అన్నట్టు నాకూ టేబుల్ మీద వేసుకోవడానికి ఒక చిన్న గుండ్రటి లేసు కావాలి, వంకాయ రంగే. ఊరికే ఇస్తానంటే పుచ్చుకోను. ఎన్ని గంటలు పట్టిందో చీటీ మీద రాసి, దానికి కుట్టి పంపు. ఆ చీటీ చూశాకే డబ్బు పంపుతాను.